గుండ్రం మూలల ప్లాస్టర్

ప్లాస్టరక్కకు కోపం వచ్చిందో లేదో ఆవిడ ముఖం చూస్తే తెలియదు. కత్తెర చప్పుడు వినాలి. మామూలు రోజుల్లో ఆ బుల్లి కత్తెర 'టిక్... టిక్...' అంటూ నింపాదిగా పలుకుతుంది. కోపం వచ్చిందంటే పూనకం వచ్చినట్టు టకటకలాడిపోతుంది. అలా టకటకలాడటం మొదలుపెట్టి అప్పటికి ఎండాకాలం వెళ్ళిపోయి వానలు పడుతున్నాయి. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అందరికీ ఆ సంగతి తెలుసు, తెలియాల్సిన ఒక్క పెద్దమనిషికి తప్ప.

ఆ మహానుభావుడి దగ్గరికి తరవాత వద్దాం. తొందరేముంది, ఆయన ఎక్కడికీ పోడు.

అక్క వాళ్ళమ్మ ఒక నర్సింగ్ హోములో నేల తుడిచేది. ఇంట్లో చూసుకునే దిక్కు లేక కూతుర్ని వెంట తీసుకెళ్ళి ఒక మూల కూర్చోబెట్టేది. కూర్చున్న పిల్ల ఊరుకుంటుందా? దూది ఉండలు చుట్టింది, గాజుగుడ్డ మడతలు పెట్టింది, నర్సులు కట్లు కడుతుంటే ముక్కు దూర్చి చూసింది. పెద్దయ్యాక అక్కడే ఆయా అయింది. అమ్మ పోయేనాటికి చెల్లెలు ఇంకా గౌన్లు వేసుకునే వయసులో ఉంది. ఆ తరవాత ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి. అందులో ఒకాయన, "మీ చెల్లెల్ని ఎక్కడైనా ఉంచేద్దాం, అదెంత పని?" అన్నాడు. "నిన్ను వీధిలో ఉంచడం అంతకంటే చిన్న పని" అని తలుపు చూపించింది అక్క. పెళ్ళి మాట అక్కడితో సరి.

ఫ్యాక్టరీలో మేడమెట్ల కింద ఒక గది ఉంది. గది అంటే గదీ కాదు, మెట్లు కట్టగా మిగిలిన చోటు. దానికో తలుపు బిగించి, ఒక మంచం, ఒక బల్ల, ఒక తెల్లడబ్బా పెట్టి 'ప్రథమ చికిత్స' అని బోర్డు తగిలించారు. అందులో కుదిరింది అక్క. కప్పు ఏటవాలుగా ఉండేది. పొడుగువాళ్ళు వేలు తెగిందని వచ్చి, వంగడం మరిచిపోయి నుదురు కొట్టుకుని, వేలికొకటి నుదుటికొకటి వేయించుకుని పోయేవారు.

అట్ట చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ దాని అంచుకి జాలి లేదు. పొద్దస్తమానం ఎవరిదో ఒకరి వేలు గీసుకుంటూనే ఉండేది. వచ్చినవాళ్ళకి అక్క ముందు గాయం కడిగేది, తుడిచేది, తరవాత డబ్బాలోంచి ప్లాస్టర్ తీసి నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించేది. "మూలలుంటే లేస్తాయిరా. లేచిన మూలకి మట్టి అంటుకుంటుంది, సాయంత్రానికి ఊడి పెట్టెలో పడుతుంది" అనేది. ఫ్యాక్టరీలో ఎవరి వేలిమీద గుండ్రం మూలల ప్లాస్టర్ కనపడినా అది అక్క వేసిందేనని చంటిపిల్లాడు కూడా చెప్పగలడు.

ఆవిడకు ఇంకో రెండు పట్టింపులుండేవి. ప్లాస్టర్ ఎవరి చేతికీ ఇవ్వదు. మహారాజైనా సరే గదిలోకి వచ్చి వేయించుకుని పోవాల్సిందే. "ఒకటి ఇటు పడెయ్ అక్కా, నేను అంటించుకుంటా" అంటే, "చాక్లెట్టు అనుకున్నావా?" అనేది. రెండోది, ఎలా తెగిందో నోటితో చెప్పాలి. నిజం చెప్పేదాకా డబ్బా మూత లేవదు.

ఒకసారి ఆఫీసు గుమాస్తా గడ్డం పట్టుకుని వచ్చి, "అట్ట గీసుకుందక్కా" అన్నాడు.

"అట్ట నీ గడ్డం దాకా ఎక్కిందా నాయనా? నిచ్చెన ఎవరు వేశారు?"

గుమాస్తా ఒప్పుకున్నాడు. పెళ్ళాంతో గొడవపడి ఇంట్లోంచి అలాగే వచ్చేసి, బాత్రూములో అట్టలు కోసే బ్లేడుతో గడ్డం గీసుకున్నాడట. ఆ ముక్క మధ్యాహ్నానికి గేటు దాకా పాకింది. అయినా అక్క పట్టింపు తప్పని ఎవరూ అనలేదు. దెబ్బ ఎలా తగిలిందో తెలియకుండా మందు వేయడమంటే, దొంగని ఇంట్లో ఉంచి తలుపు గడియ పెట్టుకోవడమే కదా.

ఇప్పుడు పెద్దమనిషి దగ్గరికి వద్దాం. ఆయన మేనేజరు. జనం పెట్టుకున్న పేరు 'చూద్దాంలే సారు'. పైకప్పు కారుతోంది సార్ అంటే, "చూద్దాంలే, ఇప్పటికి ఓ బకెట్టు పెట్టు." ఫ్యాను ఊగుతోంది సార్ అంటే, "చూద్దాంలే, ఇప్పటికి ఆ కింద ఎవర్నీ కూర్చోనివ్వకు." ఆయన 'ఇప్పటికి' అన్నదే ఎప్పటికీ అయి కూర్చునేది. ఆ బకెట్టుకి పాచి పట్టింది, ఫ్యాను కింద కూర్చోకూడదని కొత్తవాళ్ళకి పాఠంలా చెప్పేవారు. మనిషి మాత్రం మల్లెపువ్వులాంటి చొక్కా, చేతికి మెరిసే గడియారం. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ మాట ఆయన కోసమే పుట్టి ఉంటుంది.

చెల్లెలు పెద్దదయ్యాక అదే ఫ్యాక్టరీలో కోత మిషను మీద చేరింది. రెండు ఇనుప పలకలు పుస్తకంలా తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. తెరుచుకున్నప్పుడు అట్ట లోపల పెట్టి చెయ్యి తీసేయాలి. మూసుకున్నప్పుడు అట్ట పెట్టె ఆకారంలో తెగుతుంది. చెయ్యి లోపలుండగా మూసుకోకుండా దాని నోటి దగ్గర ఒక కన్ను ఉంది. గోళీ అంత గాజుకన్ను. అది ఎర్రటి వెలుగు వేస్తుంది, ఆ వెలుగు ఎదురుగా ఉన్న అద్దంబిళ్ళకి తగిలి తిరిగొస్తుంది. మధ్యలో చెయ్యి అడ్డొస్తే వెలుగు తిరిగి రాదు, మిషను టక్కున ఆగిపోతుంది.

బాగానే ఉంది. కానీ అట్టపొడి ఉందే, అది ఎక్కడైనా వాలుతుంది. అద్దంబిళ్ళ మీద పొడి పేరుకున్నప్పుడల్లా మిషను చెయ్యి లేకపోయినా ఆగేది. మెకానిక్కు దాన్ని తుడిచేవాడు, మళ్ళీ నడిచేది, మళ్ళీ ఆగేది. "దానికి పొడి పడకుండా ఓ మూత చేయించాలి సార్" అని ఆయన మొత్తుకున్నాడు.

"చూద్దాంలే. ఇప్పటికి ఆ కంటికే ఏదైనా అతికించు. తెల్లటిదేదైనా పెడితే వెలుగు అక్కడికక్కడే తిరిగొస్తుందిగా. దానికేం తెలుస్తుంది?" అన్నాడు చూద్దాంలే సారు. దిక్కుమాలిన తెలివి అంటే అదే.

ఆ రోజు మెకానిక్కు అక్క గది గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, సారు వేలు గీసుకుందిట. కిందికి రాలేరుట. ఓ ప్లాస్టర్ ఇవ్వు, పట్టుకెళ్తా" అన్నాడు. అక్క ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. తెల్లజుట్టు మనిషి, అబద్ధమాడతాడని ఎందుకనుకుంటుంది? మూలలు కత్తిరించి చేతిలో పెట్టింది. ఎవరి చేతికీ ఇవ్వని మనిషి ఒక్కసారి ఇచ్చింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం మిషను దగ్గర కేక వినిపించింది. అది చెల్లెలి గొంతని తెలిసేలోపే అక్క అక్కడుంది. చెల్లెలు నేలమీద కూలబడిపోయింది. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు సగానికి లేవు. చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కుని, గాజుగుడ్డతో గట్టిగా అదిమి, అక్క తల ఎత్తింది. సరిగ్గా కళ్ళకెదురుగా మిషను కన్ను. దానిమీద ప్లాస్టర్. దానికి గుండ్రటి మూలలు.

సారు మేడమెట్ల మీంచి తొంగి చూశాడు. నెత్తురు చూశాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. "ఏంటా గోల? బండి లోడింగులో ఉంది, ఇప్పుడు కుదరదు. ఓ ప్లాస్టర్ వేసి పంపించమ్మా, చూద్దాంలే" అన్నాడు.

ఓ ప్లాస్టర్ వేసి పంపించాలట! తెగి పడిన వేళ్ళకి!

అక్క చెల్లెల్ని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, ఎదురొచ్చిన ఆటోకి అడ్డం పడి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి మిషను కన్ను శుభ్రంగా మెరుస్తోంది. ప్లాస్టర్ లేదు, దాని జిగురు కూడా లేదు. మెకానిక్కు బాబాయి ఆవిడ ముఖం చూడలేక నట్లు ఏరుకుంటున్నట్టు నేల వెతుక్కున్నాడు.

మర్నాడు సారు అందర్నీ నిలబెట్టి ఉపన్యాసమిచ్చాడు. "పరధ్యానంగా ఉంటే మిషనేం చేస్తుంది? జాగ్రత్తగా పెట్టేవాళ్ళకి ఏమీ కాదు. ఆ అమ్మాయి ధ్యాస ఎక్కడో ఉంది. అయినా మనం మనుషులం, వదిలేయం. తగ్గాక వస్తే ఊడ్చే పని ఇద్దాం." దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు లేదూ!

అక్క మెట్లెక్కి ఆయన గదికి వెళ్ళింది. "కంటికి ప్లాస్టర్ ఉంది సార్. నా చేత్తో కత్తిరించిన ప్లాస్టర్. నా కళ్ళతో చూశాను" అంది.

ఆయన జాలిగా నవ్వాడు. "కంగార్లో ఉన్నావు, కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఏదో చూసి ఏదో అనుకుని ఉంటావు. చూద్దాంలేమ్మా."

ఆ నవ్వుతోనే కత్తెర టకటకలాడటం మొదలైంది.

చెల్లెలు చీపురు పట్టుకుంది. ఎడమచేత్తో ఊడవడం, ఎడమచేత్తో జడ వేసుకోవడం నేర్చుకుంది. కుడిచెయ్యి ఎప్పుడూ చున్నీ కిందే. అదంతా అక్క ఎలాగో భరించింది. భరించలేనిది ఇంకోటి ఉంది. ఆ పిల్ల సారు మాట నమ్మేసింది.

"నేనే ఏదో ఆలోచిస్తూ ఉన్నానేమో అక్కా. లేకపోతే చెయ్యి లోపలుందని చూసుకోనా?"

"కన్ను మూసేశారే పిచ్చిదానా! ఎన్నిసార్లు చెప్పాలి? నేను చూశాను."

"నువ్వు నా మీద ప్రేమకొద్దీ అంటావు."

ఒకప్పుడు నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు చెవులు మూసుకోవాల్సిన పిల్ల. అలాంటిది, చీపురు జారితే చీపురుకి సారీ, గిన్నె తగిలితే గిన్నెకి సారీ. అద్దంలో చూసుకుంటూ, 'పరధ్యానం దానా' అని తనని తాను తిట్టుకోవడం ఒకరోజు అక్క చెవిన పడింది. వేళ్ళు తీసుకున్నాడు, సరే. ఆ పిల్లకి తన మీద తనకున్న నమ్మకం కూడా కోసి పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ మాట ఆయన నోటితోనే చెప్పించాలి. కన్ను మూసింది మేమే అని, నలుగురి ముందు, చెల్లెలు వినేటట్టు. ఇంకెవరు చెప్పినా ఆ పిల్ల నమ్మదు. అక్కకు అప్పట్నుంచి తిండీ అదే, నిద్రా అదే.

మొదట్లో చిల్లర ఆలోచనలే వచ్చాయి. కుర్చీలో సూది గుచ్చుదామా, కాఫీలో జిగురు కలుపుదామా అని. "ఛీ, ఇది దోమ కుట్టినంత కూడా కాదు" అని తనకు తానే చెప్పుకుంది. పగ అన్నాక పడాల్సినచోట పడాలి.

ఆ పడాల్సిన చోటు ఏదో చూపించింది సారే.

పెట్టెలు కొనే కంపెనీలవాళ్ళు అప్పుడప్పుడు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ సారు ఒక తమాషా చేసేవాడు. కోత మిషను దగ్గర వాళ్ళని నిలబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, "మా మిషనుకి మనసుందండీ. చూడండి" అని, నడుస్తున్న మిషను నోట్లో చెయ్యి పెట్టేవాడు. టక్కున ఆగేది. వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. పనివాళ్ళు దాన్ని 'సారు సర్కస్' అనేవారు. సర్కస్ రోజు పొద్దున్నే మెకానిక్కు కంటికి ఉన్నదేదో పీకి తుడిచిపెట్టేవాడు. వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ అతికించేవాడు. అవును, మళ్ళీ అతికిస్తున్నారు! ఒక పిల్ల వేళ్ళు పోయినా బుద్ధి రాలేదు. ఇప్పుడు అక్క ప్లాస్టర్ ఇవ్వదు గనక బజార్లో కొన్న తెల్ల టేపు.

ఈసారి సర్కస్‌కి సారు ఇంకో అంకం చేర్చాడు. చెల్లెల్ని పిలిచి, "నువ్వు మిషను పక్కనే చీపురు పట్టుకుని నిలబడు. నిన్ను ఎలా ఆదుకున్నామో చూపిస్తాను. చెయ్యి కనపడేటట్టు పెట్టుకో" అన్నాడు.

చెల్లెలు తలూపి వచ్చేసింది. అక్కకి చెబుతూ, "పోన్లే అక్కా, ఆదుకున్న మాట నిజమేగా" అంది.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదీ. ఆ సాయంత్రం కత్తెర ఒక్కసారి కూడా చప్పుడు చేయలేదు.

కంపెనీవాళ్ళు వచ్చే రోజు పొద్దున మెకానిక్కు వచ్చి టేపు పీకేసి, కన్ను తుడిచి వెళ్ళాడు. అతిథులు మేడమీద యజమాని గదిలో కాఫీ తాగుతున్నారు. మిషను ఆపి ఉంది. అక్క తన గదిలో కూర్చుని డబ్బాలోంచి ఒక ప్లాస్టర్ తీసింది. నాలుగు మూలలూ ఎప్పటిలాగే నింపాదిగా గుండ్రంగా కత్తిరించింది. పాపపు పనైనా శుభ్రంగా చేయాలి కదా.

డబ్బా చంకన పెట్టుకుని మిషను దగ్గరికి వెళ్ళింది. అక్కడ పనిచేసేది మైకు వదిన. గుసగుసలాడినా గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినపడే గొంతు ఆవిడది.

"ఏదీ, నీ బొటనవేలు చూపించు వదినా" అంటూ, చూసేవాళ్ళకి అనుమానం రాకుండా అక్క తెగని ఆ వేలికి ఒక ప్లాస్టర్ వేసింది. తరవాత వంగి, కత్తిరించి తెచ్చిన రెండోది మిషను కంటికి వేసింది. గాలి బుడగ లేకుండా వేలితో నిమిరింది.

మైకు వదిన గుడ్లు తేలేసింది. ఆవిడ జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు పక్కమనిషికి కూడా సరిగ్గా వినపడలేదు. "అక్కా... చెయ్యి పోతుందే."

"జాగ్రత్తగా పెట్టేవాళ్ళకి ఏమీ కాదుట. సారే చెప్పారు. ఆయన వచ్చేదాకా మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు."

"తప్పు కాదూ?"

"తప్పే" అంది అక్క. "ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా?"

మైకు వదిన చేతులు రెండూ చంకల్లో దోపుకుని నిలబడింది.

అతిథులు దిగివచ్చారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, వెనక ఇద్దరు మగాళ్ళు, పక్కన యజమాని, ముందు సారు. పనివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. చెల్లెలు చీపురు పట్టుకుని మిషను పక్కకి వచ్చింది. సారు ఆ పిల్ల భుజం తట్టి, "పాపం, పరధ్యానం. తన తప్పే అయినా మేం వదల్లేదండీ. మా మనిషే కదా" అన్నాడు. చెల్లెలు తల వంచుకుని చున్నీ కిందినుంచి కుడిచెయ్యి తీసి చూపించింది. కళ్ళజోడావిడ 'అయ్యో' అంది.

అక్క తన గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాస్తో కూస్తో జాలి ఏదైనా మిగిలి ఉంటే అది ఆ భుజం తట్టడంతో ఆవిరైపోయింది.

"మిషను మాత్రం బంగారం. మనసున్న మిషను. చూడండి!" అంటూ సారు మీట నొక్కాడు. పలకలు తెరుచుకోవడం మూసుకోవడం మొదలుపెట్టాయి. ఆయన చొక్కా చెయ్యి మడిచాడు. గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. ముఖం అతిథుల వైపు, నవ్వు కెమెరా ముందు నిలబడ్డట్టు, చెయ్యి మిషను వైపు. చెయ్యి ముందుకు వెళుతోంది. ఇంకో జానెడు వెళితే నోట్లో ఉంటుంది. మైకు వదిన కళ్ళు మూసుకుంది. అక్క మూసుకోలేదు.

ఎక్కడ పెడుతున్నాడో చూసుకుందామని సారు అరక్షణం తల తిప్పాడు. ప్లాస్టర్ కనపడింది.

చెయ్యి గాల్లోనే కొయ్యబారిపోయింది.

పలకలు టపటపా కొట్టుకుంటున్నాయి. అందరూ చూస్తున్నారు. సారు నుదుటి మీద చెమట బొట్టుకట్టింది.

"ఊఁ, పెట్టండి" అంది కళ్ళజోడావిడ ఉత్సాహంగా.

"అదీ... తరవాత చూద్దాంలెండి. ముందు గోడౌను..."

"ప్రతిసారీ పెడతావుగా, పెట్టవయ్యా" అన్నాడు యజమాని చిరాగ్గా.

అప్పుడు గుమ్మంలోంచి అక్క గొంతు వచ్చింది. అరవలేదు. గాయం కడిగేటప్పుడు మాట్లాడే గొంతే. "పెట్టండి సార్. జాగ్రత్తగా పెట్టేవాళ్ళకి ఏమవుతుంది? మీకేం పరధ్యానం లేదుగా."

సారు ఆవిడ వైపు తిరిగాడు. ముఖం పాలిపోయింది. అక్క నెమ్మదిగా నడిచి వచ్చింది, చంకలో డబ్బాతో.

"ఏం సార్, ఎందుకు పెట్టడం లేదు? అక్కడ నిలబడిన పిల్లకి చెప్పండి. నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు సంగతి చెప్పాల్సిందే."

"అది... కన్ను..." అన్నాడు సారు.

"వినపడలేదు."

"కన్ను మూసుంది!"

"మూసుంటే ఏమవుతుంది? ఏమీ కాదన్నారుగా?"

"ఆగదు! కన్ను మూసుంటే మిషను ఆగదు, చెయ్యి పోతుంది! నీకు తెలీదా?" భయంతో కేకే పెట్టాడు ఆయన. ఆ కేక పైకప్పు రేకులకి తగిలి మోగింది.

చెల్లెలి చేతిలోంచి చీపురు జారి కింద పడింది. ఈసారి దానికి సారీ చెప్పలేదు.

యజమాని వచ్చి మీట తిప్పి మిషను ఆపాడు. "ఎవరు మూశారు దీన్ని?"

"ఇవాళ నేను మూశాను" అంది అక్క, తడుముకోకుండా. "మా చెల్లెలి వేళ్ళు పోయిన రోజు ఎవరు మూశారో ఆయన్ని అడగండి."

సారు నాలుక మీద 'చూద్దాంలే' కూడా ఆడలేదు. అప్పుడు వెనకనుంచి మెకానిక్కు బాబాయి ముందుకొచ్చాడు. "నేను మూశానండీ, సారు మూయమంటే. అద్దానికి మూత చేయిద్దామంటే ఇప్పటికి ఇలా కానీ అన్నారు. ఆ రోజు పీకేసింది కూడా నేనే. ఈ అమ్మాయి దగ్గర అబద్ధమాడి ప్లాస్టర్ పట్టుకెళ్ళాను." అని చెల్లెలి వైపు తిరిగి, "నీ తప్పు ఇసుమంత కూడా లేదు తల్లీ" అని చేతులు జోడించాడు.

"నిన్న మొన్న కూడా మూసే ఉంది!" అంది మైకు వదిన, తన అసలు గొంతుతో. వాచ్‌మన్ గేటు వదిలి పరిగెత్తుకొచ్చాడు.

కళ్ళజోడావిడ చెల్లెలి చెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తరవాత, "ఈ మిషను మీద కోసిన పెట్టెలు మాకొద్దు" అని యజమానితో చెప్పి కారు వైపు నడిచింది.

ఆ తరవాత కథ ఫ్యాక్టరీలో ఎవరిని అడిగినా చెబుతారు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా. సారు ఆ పూటే గడియారం జేబులో పెట్టుకునే వెళ్ళిపోయాడు, మళ్ళీ కనపడలేదు. మిషను చుట్టూ ఇనుప కటకటాలు బిగించారు, అద్దంబిళ్ళకి మూత వచ్చింది. యజమాని అక్కను కూడా పిలిచి, "నువ్వు చేసింది చిన్న పనా? మనిషి చెయ్యి పోయేది. నిన్నెలా ఉంచుకోమంటావు?" అన్నాడు. ఆ మాట న్యాయమే. "ఉంచుకోమని నేను అడిగానా?" అంది అక్క. తెల్లడబ్బా బల్ల మీద పెట్టి, తన కత్తెర ఒక్కటీ కొంగున ముడేసుకుని బయటికి వచ్చేసింది. అందరూ తలుపుల దగ్గర నిలబడి చూశారు. మైకు వదిన ఏడుస్తూ ముక్కు చీదిన చప్పుడు రోడ్డు మలుపు దాకా వినపడింది.

చెల్లెలు వెనకే వచ్చింది. ఊడ్చే పని ఇక అక్కర్లేదని తనే చెప్పేసిందట. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఇద్దరూ బస్‌స్టాపు బల్ల మీద కూర్చున్నారు. చెల్లెలు చున్నీ తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తోనే ముఖం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది. ఆ చెయ్యి ఎండలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో!

"నేను పరధ్యానంగా లేనన్నమాట" అంది.

"లేవు."

"నాకు గుర్తే అక్కా. అట్టనే చూస్తున్నా. సరిగ్గా చూస్తూనే పెట్టా." వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క దాని వీపు నిమిరింది. ఏడవనిచ్చింది. అది ఎప్పుడో ఏడవాల్సిన ఏడుపు.

బస్సు దూరంగా కనపడింది. చెల్లెలు కళ్ళు తుడుచుకుని అక్క వైపు తిరిగింది. ఏదో అప్పుడే తట్టినట్టు ముఖం మారింది.

"అక్కా, ఒకవేళ సారు తల తిప్పకపోయుంటే? ప్లాస్టర్ చూడకపోయుంటే?"

అక్క కొంగు ముడి విప్పి కత్తెర ఉందో లేదో చూసుకుంది. మళ్ళీ ముడేసి లేచి నిలబడింది.

"ఏముందే?" అంది. "ఓ ప్లాస్టర్ వేసి పంపించేదాన్ని."